చైనా పాస్‌పోర్టుతో ఫారిన్ ట్రిప్: అత్తమామల్ని పొలిమేర దాటించడం ఎలా

మా ఆవిడది చైనాలో హునాన్, నాది గుంటూరు. కారం దగ్గర మా రెండిళ్లకీ పేచీ లేదు. పేచీ అంతా పాస్‌పోర్టుల దగ్గరే. ఏ ట్రిప్ అనుకున్నా భోజనాల బల్ల మీద ముదురు ఎరుపువి మూడు, నీలంది ఒకటి చేరతాయి: మా ఆవిడ, అత్తగారు, మామగారు ఒక పక్క, నేనొక్కణ్ణీ ఒక పక్క. నలుగురికీ ఫారాలు నింపేది మాత్రం నేనే.

షెన్‌జెన్‌లోనో సింగపూర్‌లోనో ఉద్యోగం చేస్తూ చైనా కొలీగ్స్‌తో కలిసి టూర్ వేసుకునేవాళ్లు, చైనాలో ఎంబీబీఎస్ చదివి అక్కడి స్నేహితుల్ని పెళ్లికి పిలుద్దామనుకునేవాళ్లు, నాలాంటి చైనా ఇంటి అల్లుళ్లు, కోడళ్లు మనలో బాగానే ఉన్నారు. మీరు వాళ్లలో ఒకరైతే ఇది మీకోసమే. చాలామంది ముందు దేశం ఎంచుకుని, ఆ తర్వాత కాగితాల కోసం ఇల్లంతా వెతుకుతారు. మీరు దాన్ని తిరగేయండి. ఎవరి దగ్గర ఏ కాగితం ఉందో ముందు చూసుకుని, దేశం తర్వాత ఎంచుకోండి.

ఇక్కడ రాసేది మెయిన్‌ల్యాండ్ చైనా పాస్‌పోర్టు గురించి. హాంకాంగ్, మకావ్ పాస్‌పోర్టుల లెక్క వేరు. రూల్స్ 2025 చివరి నాటివి. గడువు పెట్టి ఇచ్చిన సడలింపులకు ఆ గడువు కూడా చెప్పాను, టికెట్ కొనే ముందు ఆ దేశపు ఎంబసీ సైట్ ఒకసారి తెరిచి చూసుకోండి.

1. పాస్‌పోర్టు తెరిచి నాలుగు విషయాలు చూడండి

మొదటిది గడువు. 16 ఏళ్లు నిండినవాళ్లకు చైనా పాస్‌పోర్టు 10 ఏళ్లకు ఇస్తారు, అంతకంటే చిన్నవాళ్లకు 5 ఏళ్లకే. పెద్దవాళ్లది చూసి పిల్లలది కూడా ఉందిలే అనుకుంటాం, తీరా చూస్తే అయిపోయి ఉంటుంది. తిరుగు ప్రయాణం రోజుకి ఇంకా ఆరు నెలలు మిగిలి ఉండేలా చూసుకుంటే దాదాపు ఎక్కడా మాట పడక్కర్లేదు. కొత్తదానికి ఫీజు 120 యువాన్లు. 2019 ఏప్రిల్ నుంచి దేశంలో ఏ ఊళ్లోనైనా అప్లై చేసుకోవచ్చు, సొంతూరికి పరిగెత్తాల్సిన పని లేదు. చట్టం ప్రకారం 15 రోజుల్లో ఇవ్వాలి. అనుమానాలుంటే ఇమిగ్రేషన్ వాళ్ల హెల్ప్‌లైన్ 12367, ఇంగ్లీషులో కూడా మాట్లాడతారు.

రెండోది సంతకం. పాస్‌పోర్టులో పెన్నుతో సంతకం చేయాల్సిన గీత ఒకటి ఉంటుంది. పెద్దవాళ్లు దాన్ని ఖాళీగా వదిలేస్తారు. మా మామగారిది ఆరేళ్లపాటు ఖాళీగానే ఉంది. వీసా సెంటర్ కౌంటర్‌లో చెప్పించుకునే బదులు ఇంట్లోనే చైనీస్‌లో సంతకం పెట్టించేయండి.

మూడోది పేరు. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మేం దెబ్బ తిన్నది ఇక్కడే.

చైనావాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. కాబట్టి తెలుగువాడికి ఈ గొడవ కొత్త కాదు. మన టికెట్ల మీద ఇంటిపేరు చివరికి పోయి సొంత పేరు మధ్యలో ఇరుక్కున్నట్టే, వాళ్లకూ తారుమారవుతుంది. అసలు చిక్కు స్పెల్లింగ్‌లో ఉంది. మా అత్తగారి ఇంటిపేరు ల్యూ. పెదాలు సున్నాలా చుట్టి 'ఈ' అనబోతే వచ్చే శబ్దం అది. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ శబ్దానికి సరైన అక్షరం లేదు. చైనా కీబోర్డులో దాన్ని టైప్ చేయాలంటే 'వి' కొట్టాలి, అందుకని టికెట్ యాప్‌లలో జనం ఎల్, వి అని కొట్టేస్తారు. పాత పాస్‌పోర్టుల్లో కొన్నిటికి అలాగే ఉండేది. ఇప్పుడిచ్చే పాస్‌పోర్టుల్లో మాత్రం ఎల్, వై, యు అని ఉంటుంది. అత్తగారి ఫోన్‌లో పాత పాస్‌పోర్టు నాటి వివరాలే సేవ్ అయి ఉన్నాయి. నేను చూసుకోకుండా దాంతోనే బ్యాంకాక్ టికెట్ బుక్ చేశాను. చాంగ్‌షా ఎయిర్‌పోర్టు చెకిన్ కౌంటర్‌లో అమ్మాయి పాస్‌పోర్టు చూసింది, స్క్రీన్ చూసింది, మళ్లీ పాస్‌పోర్టు చూసింది. ఒక్క అక్షరం తేడా కూడా కాదు, మూడు అక్షరాల పేరు రెండక్షరాలైంది. చివరికి వేరే కౌంటర్‌కి పోయి, డబ్బు కట్టి, పేరు మార్పించుకుని గేటు మూసే వేళకి చేరాం. అత్తగారు ఆ విమానంలో నాతో మాట్లాడలేదు.

కాబట్టి యాప్‌లో సేవ్ అయి ఉన్న పేరును నమ్మకండి. పాస్‌పోర్టు అడుగున బాణం గుర్తులతో ఉండే రెండు లైన్లు చూసి, అక్షరం అక్షరం కొట్టండి. రెండు శబ్దాల సొంత పేరుంటే మధ్యలో ఖాళీ లేకుండా కలిపి రాయాలి, పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే. ఇంకో సంగతి: చైనా ఆడవాళ్లు పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోరు. భార్యాభర్తలకు వేర్వేరు ఇంటిపేర్లు, పిల్లలకు సాధారణంగా తండ్రి ఇంటిపేరు. తల్లి ఒక్కతే పిల్లాణ్ణి తీసుకుని వెళ్తుంటే పెళ్లి పుస్తకం (వాళ్ల మ్యారేజ్ సర్టిఫికెట్), బర్త్ సర్టిఫికెట్ కాపీలు బ్యాగులో ఉండాలి.

నాలుగోది, పాస్‌పోర్టు అసలు వాళ్ల చేతిలో ఉందా అని. ప్రభుత్వ శాఖల్లో, ప్రభుత్వ కంపెనీల్లో పనిచేసే చాలామంది పాస్‌పోర్టులు ఆఫీసు బీరువాలోనే ఉంటాయి. విదేశం వెళ్లాలంటే పై అధికారి అనుమతి తీసుకుని, పాస్‌పోర్టు విడిపించుకుని, వచ్చాక తిరిగి అప్పగించాలి. మీ స్నేహితుడు అలాంటి ఉద్యోగి అయితే 'టికెట్ బుక్ చేద్దామా' అని అడిగే ముందు 'లీవ్ శాంక్షన్ అయిందా' అని అడగండి.

2. హుకౌ పుస్తకాన్ని బయటికి తీయండి

మనకు ఒకప్పుడు రేషన్ కార్డు ఎలాగో, చైనా కుటుంబానికి హుకౌ పుస్తకం అలాగ. ఎర్రటి గోధుమరంగు అట్ట, లోపల మనిషికొక పేజీ. పుట్టిన తేదీ, చదువు, ఉద్యోగం, పెళ్లయిందా లేదా, ఇంటి యజమానికి ఏమవుతారు, అన్నీ అందులో ఉంటాయి. షెంజెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు చెల్లే ఉమ్మడి వీసా, చైనా ఊరు షెన్‌జెన్‌తో సంబంధం లేదు), జపాన్ వీసా లాంటి పెద్ద వీసాలకు దాని కాపీ అడుగుతారు.

గొడవేమిటంటే, ఆ పుస్తకాన్ని ఎవరూ అప్‌డేట్ చేయించరు. మా ఆవిడ పేజీలో పెళ్లయిన రెండేళ్లకు కూడా 'అవివాహిత' అనే ఉంది. వీసా ఫారంలో మాత్రం 'వివాహిత' అని రాశాం. రెండు కాగితాలు రెండు మాటలు చెప్తే వీసా ఆఫీసరు మూడో మాట అనుకుంటాడు. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో పెళ్లి పుస్తకం చూపించి మార్పించుకోవచ్చు. ఆ పని ముందే చేయించండి.

ఇంకో మెలిక. కూతురు అమ్మానాన్నల్ని తన ఖర్చుతో తీసుకెళ్తోంది అనుకుందాం. వాళ్లు ముగ్గురూ ఒకే హుకౌ పుస్తకంలో ఉంటే బంధుత్వం అందులోనే కనిపిస్తుంది. ఉద్యోగం కోసం కూతురు తన హుకౌను షెన్‌జెన్‌కు మార్చుకుని ఉంటే ఆ పుస్తకంలో ఇప్పుడు ఆవిడొక్కతే. 'ఈవిడ వీళ్ల కూతురు' అని చెప్పే కాగితం ఏదీ లేనట్టే. అప్పుడు నోటరీ ఆఫీసులో బంధుత్వ ధ్రువపత్రం చేయించాలి, దానికి అనువాదం జతచేయాలి. ఒకప్పుడు దాని మీద విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన ఎంబసీ ముద్ర అంటూ తిప్పేవాళ్లు. 2023 నవంబర్ 7 నుంచి చైనాలో అపోస్టిల్ ఒప్పందం (ఒకే ముద్రతో కాగితం వేరే దేశంలో చెల్లేలా చేసేది) అమల్లోకి వచ్చింది కాబట్టి, ఆ ఒప్పందం వర్తించే దేశాలకు ఒక్క అపోస్టిల్ సరిపోతుంది. అయినా వారం పది రోజులు చేతిలో పెట్టుకోండి.

3. వీసా అక్కర్లేని దేశాలు: ఎవరికి అక్కర్లేదో రెండుసార్లు చూడండి

చైనా పాస్‌పోర్టు ఈ మూడేళ్లలో బాగా బరువెక్కింది. సింగపూర్‌తో 2024 ఫిబ్రవరి 9 నుంచి, థాయ్‌లాండ్‌తో అదే ఏడాది మార్చి 1 నుంచి, మలేషియాతో 2025 జూలై 17 నుంచి ఒప్పందాలు అమల్లో ఉన్నాయి. మూడింటికీ ఒకసారికి 30 రోజులు. కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, అజర్‌బైజాన్, జార్జియా, సెర్బియా, యూఏఈ, మారిషస్, మాల్దీవులు కూడా ఇదే దారిలో ఉన్నాయి. రష్యా 2025 డిసెంబర్ 1 నుంచి 2026 సెప్టెంబర్ 14 దాకా 30 రోజులకు వీసా ఎత్తేసింది.

మీది నీలం పాస్‌పోర్టు అయితే ఇక్కడే జాగ్రత్త. సింగపూర్‌లో అత్తమామలు చేతులూపుకుంటూ గేటు దాటతారు, మీకు మాత్రం ముందుగా వీసా కావాలి. జార్జియాకి వాళ్లకు పాస్‌పోర్టు చాలు, మీకు అమెరికా, షెంజెన్ లాంటి వీసా ఏదైనా ఉండాలి, లేదంటే జార్జియా వీసాకే అప్లై చేయాలి. సెర్బియా 2023 జనవరి నుంచి మనకు వీసా పెట్టింది, వాళ్లకు లేదు. దుబాయ్‌ సంగతీ అంతే, వాళ్లకు నేరుగా ప్రవేశం, మనకు షరతులు. మొదటిసారి ఇది చూసి మా మామగారు నా భుజం తట్టి ఓదార్చారు.

రెండు పాస్‌పోర్టులూ టెన్షన్ లేకుండా కలిసి దిగే చోట్లు మాల్దీవులు, మారిషస్, మలేషియా, థాయ్‌లాండ్. మలేషియా మనకిచ్చిన సడలింపు 2026 డిసెంబర్ 31 దాకా. ఇలాంటి కుటుంబానికి మొదటి ట్రిప్ ఎక్కడికని ఎవరైనా అడిగితే నేను కౌలాలంపూర్ అనే చెప్తాను. చైనీస్ మాట్లాడేవాళ్లు దొరుకుతారు, తెలుగువాళ్లూ ఉన్నారు, రోటీ చనాయ్‌తో అందరి కడుపూ నిండుతుంది.

30 రోజులంటే అయిపోగానే బయటికి వెళ్లి మర్నాడే మళ్లీ వచ్చేయడం కాదు. థాయ్‌లాండ్, మలేషియా ఒప్పందాల్లో ఏ 180 రోజుల్లోనైనా మొత్తం 90 రోజులకు మించకూడదని ఉంది. రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ ప్రింట్ తీసి పెద్దవాళ్ల చేతికివ్వండి. ఫోన్‌లో ఉంది కదా అంటే, ఆ ఫోన్ సరిగ్గా కౌంటర్ దగ్గరే ఆరిపోతుంది.

కొరియాది కాస్త మెలిక. జెజు ద్వీపానికి నేరుగా విమానంలో దిగితే చైనా పాస్‌పోర్టుకు 30 రోజులు వీసా అక్కర్లేదు, కానీ అక్కణ్ణుంచి సియోల్ వెళ్లడానికి లేదు. మిగతా కొరియాకు ముగ్గురికి తక్కువ కాని గ్రూపుగా, ఏజెన్సీ ద్వారా వెళ్తే 15 రోజులు వీసా లేకుండా అనుమతిస్తున్నారు. అది 2025 సెప్టెంబర్ 29న మొదలైంది, 2026 జూన్ 30 దాకా అని ప్రకటించారు.

4. ఆన్‌లైన్లోనో, దిగాకనో అయిపోయే వీసాలు

ఇండోనేషియాలో దిగాక వీసా ఇస్తారు, 5 లక్షల రూపాయాలు, 30 రోజులు. లక్షలు చూసి అత్తగారు గుండె పట్టుకున్నారు, అది వాళ్ల రూపాయా అని చెప్పాక కుదుటపడ్డారు. బాలి అయితే 2024 ఫిబ్రవరి నుంచి మనిషికి మరో 1,50,000 రూపాయాల టూరిస్ట్ రుసుం ఉంది.

వియత్నాం ఈ-వీసా 90 రోజుల దాకా ఇస్తారు. ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు, ఎన్నిసార్లైనా అంటే 50. ఇక్కడో చిన్న కథ ఉంది. 2012లో వచ్చిన చైనా ఈ-పాస్‌పోర్టుల పేజీల్లో దక్షిణ చైనా సముద్రాన్ని తమదిగా చూపే మ్యాప్ అచ్చేశారు. అందులో మన అరుణాచల్, అక్సాయ్‌చిన్ కూడా ఉన్నాయి. మనవాళ్లు వీసా మీద మన మ్యాప్ ముద్ర కొట్టి బదులు చెప్పారు. వియత్నాం మాత్రం ఆ పేజీ మీద తన ముద్ర పడటానికే ఒప్పుకోక వీసాను విడి కాగితం మీద ఇవ్వడం మొదలుపెట్టింది. విడి కాగితం అంటే జారిపోయే కాగితం. దాన్ని పాస్‌పోర్టు కవర్‌లో పెట్టి, ఫొటో తీసి ఉంచండి.

5. షెంజెన్, అమెరికా, జపాన్: ఇవి కాగితాల పెళ్లిళ్లు

షెంజెన్‌కి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. ఎండాకాలం ట్రిప్ అయితే రెండు మూడు నెలల ముందే అపాయింట్‌మెంట్ పట్టుకోండి. ఎక్కువ రోజులుండే దేశానికి అప్లై చేయాలి, రోజులు సమానమైతే ముందు దిగే దేశానికి. ఫీజు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45, అంతకంటే చిన్నవాళ్లకు లేదు. 30,000 యూరోలకు తగ్గని మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. వేలిముద్రలు ఒకసారి ఇస్తే 59 నెలలు పనికొస్తాయి. పాస్‌పోర్టు యూరప్ నుంచి బయటికొచ్చే తేదీ తర్వాత మూడు నెలలు చెల్లాలి, ఇచ్చి పదేళ్లు దాటి ఉండకూడదు.

ఇక చైనా వైపు కాగితాలు. ఉద్యోగం చేసేవాళ్లకు కంపెనీ లెటర్ కావాలి. హోదా, జీతం, సెలవు తేదీలు, తిరిగి వచ్చి చేరతారన్న మాట అందులో ఉండాలి. దానికి తోడు కంపెనీ లైసెన్స్ కాపీ. రెండింటి మీదా ఎర్రటి గుండ్రటి ముద్ర పడాలి. మన దగ్గర మేనేజర్ సంతకం ఉంటే సరిపోతుంది, చైనాలో ముద్ర లేని కాగితానికి విలువ లేదు. ఆ ముద్ర ఒకరి తాళం కింద ఉంటుంది, ఆ ఒకరు ఆ వారమే సెలవులో ఉంటారు. ఈ పని అందరికంటే ముందు మొదలుపెట్టండి.

రిటైరైనవాళ్లకు కంపెనీ లెటర్ ఉండదు కదా అని కంగారు పడకండి. రిటైర్మెంట్ పుస్తకం, పెన్షన్ పడుతున్న అకౌంట్ స్టేట్‌మెంట్, ఇల్లు వాళ్ల పేరు మీద ఉంటే ఆ పత్రం. ఇవే వాళ్ల బలం. మా మామగారి పెన్షన్ పెద్దదేమీ కాదు, కానీ నెలనెలా ఒకే తేదీన పడుతుంది. బ్యాంకు డిపాజిట్ సర్టిఫికెట్ కూడా జతచేస్తే మంచిది. ఒకటి గుర్తుంచుకోండి, ఆ సర్టిఫికెట్‌లో రాసిన తేదీ దాకా బ్యాంకు ఆ డబ్బును కదలనివ్వదు. టికెట్లకు వాడాల్సిన డబ్బునే అందులో ఇరికించి మేమొకసారి చేతులు ముడుచుకుని కూర్చున్నాం. ఖర్చు డబ్బు వేరే అకౌంట్‌లో ఉంచండి. హఠాత్తుగా వచ్చి పడిన పెద్ద మొత్తం కంటే ఆరు నెలలుగా నిలకడగా ఉన్న చిన్న మొత్తం మేలు.

యూరప్‌లో 2025 అక్టోబర్ 12 నుంచి పాస్‌పోర్టు మీద ముద్రకు బదులు వేలిముద్ర, ఫొటో తీసుకునే పద్ధతి దశలవారీగా వచ్చింది. మొదటిసారి క్యూ పొడుగ్గా ఉంటుంది, కనెక్టింగ్ ఫ్లైటుకు ఆ టైమ్ వదలండి.

అమెరికా సంగతికొస్తే, చైనా పాస్‌పోర్టుకు 2014 నవంబర్ నుంచి టూరిస్ట్ వీసా పదేళ్లకు ఇస్తున్నారు. ఫారం, 185 డాలర్లు, ఇంటర్వ్యూ, ఇదంతా మనకు తెలిసిన బాగోతమే. మనకు లేనిదొకటి వాళ్లకుంది: ఈవస్. పదేళ్ల వీసా ఉన్న చైనావాళ్లు బయల్దేరే ముందు ఆన్‌లైన్లో ఈ నమోదు చేసుకోవాలి. రెండేళ్లు చెల్లుతుంది, పాస్‌పోర్టు మారితే మళ్లీ చేయాలి. 2025 సెప్టెంబర్ 30 నుంచి 30 డాలర్లు ఫీజు పెట్టారు. వీసా ఉంది కదా అని ఈవస్ లేకుండా వెళ్తే విమానం ఎక్కనివ్వరు. వీసా పాత పాస్‌పోర్టులో ఉండిపోతే పాతది, కొత్తది రెండూ పట్టుకెళ్లాలి.

జపాన్‌కు టూరిస్ట్ వీసా కాగితాలు కాన్సులేట్‌లో నేరుగా ఇవ్వడానికి కుదరదు, వాళ్లు గుర్తించిన ట్రావెల్ ఏజెన్సీ ద్వారానే వెళ్లాలి. ఆదాయం, ఆస్తి చూసి ఒక్కసారికో మూడేళ్లకో ఐదేళ్లకో ఇస్తారు. మీరు చైనాలో ఉంటున్న భారతీయులైతే మీ దరఖాస్తు దారి వేరు, ఒకే కవర్‌లో పెట్టి పంపేయకండి. వీసా ఒక్కటే చూసుకుంటే సరిపోదన్నది కూడా జపాన్ దగ్గరే తెలిసింది. 2025 నవంబర్ 14న జపాన్ వెళ్లొద్దని చైనా ప్రభుత్వం తన పౌరులకు సలహా ఇచ్చింది, ఎయిర్‌లైన్సులు టికెట్ డబ్బు వెనక్కిచ్చాయి. అందుకని ఇలాంటి దేశాలకు క్యాన్సిల్ చేసుకోగల హోటలే బుక్ చేయండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

బ్రిటన్ 2016 నుంచి చైనావాళ్లకు రెండేళ్ల విజిటర్ వీసా ఇస్తోంది. వీసా మీద బీఐవీఎస్ అని ఉంటే ఐర్లాండ్ కూడా చూసి రావచ్చు, ముందు దిగాల్సింది మాత్రం వీసా ఇచ్చిన దేశంలోనే. ఈ సౌకర్యం మన పాస్‌పోర్టుకూ ఉంది.

6. హాంకాంగ్‌కి పాస్‌పోర్టుతో వెళ్దామనుకోకండి

బయటివాళ్లకు వింతగా అనిపించేది ఇదే. మెయిన్‌ల్యాండ్ చైనావాళ్లు హాంకాంగ్, మకావ్ వెళ్లడానికి పాస్‌పోర్టు పనికిరాదు. దానికి వేరే కార్డు ఉంది. కార్డుకు 60 యువాన్లు, దాని మీద ఒక ప్రయాణానికి అనుమతి వేయించుకోవడానికి 15. అనుమతి లేని కార్డు ఉత్త ప్లాస్టిక్ ముక్కే. హాంకాంగ్ మీదుగా వేరే దేశం వెళ్తుంటే మాత్రం, ముందుకు వెళ్లే టికెట్ చూపించి పాస్‌పోర్టుతోనే 7 రోజుల దాకా ఉండొచ్చు. మనకేమో హాంకాంగ్‌కు ఆన్‌లైన్ ముందస్తు నమోదు కావాలి, మకావ్‌కు అదీ అక్కర్లేదు. మేం నలుగురం ఒకే రైల్లో వెస్ట్ కౌలూన్‌లో దిగి మూడు రకాల కాగితాలతో రెండు క్యూలలో నిలబడ్డాం.

7. డబ్బు, సామాను

చైనా నుంచి బయటికి వెళ్తూ మనిషి 20,000 యువాన్లు, 5,000 డాలర్లకు సమానమైన విదేశీ నగదు దాకా అనుమతి అక్కర్లేకుండా తీసుకెళ్లొచ్చు. విదేశీ ఏటీఎంలలో ఏడాదికి మనిషికి లక్ష యువాన్లు పరిమితి. ఫోన్‌తో స్కాన్ చేసి కట్టడానికి అలవాటుపడ్డవాళ్లు నోట్లు మర్చిపోతారు. బ్యాంకాక్, సింగపూర్‌లలో వాళ్ల యాప్‌లు చాలాచోట్ల పనిచేస్తాయి, యూరప్‌లో చిన్న ఊళ్లలో చేయవు. ఒక వీసా కార్డో మాస్టర్ కార్డో చేయించి పెట్టండి.

సామాను దగ్గర మా ఇంట్లో రెండు యుద్ధాలు జరిగాయి. ఒకటి మామగారి సిగరెట్లు. థాయ్‌లాండ్‌లో 200 దాకా పర్వాలేదు. సింగపూర్‌లో ఒక్క సిగరెట్‌కి కూడా మినహాయింపు లేదు, చెప్పి పన్ను కట్టాల్సిందే. ఈ-సిగరెట్లు ఈ రెండు దేశాల్లోనూ నిషేధం. రెండోది అత్తగారి పొగబెట్టిన పంది మాంసం. హునాన్‌లో శీతాకాలం వస్తే ప్రతి ఇంటి వంటగదిలో పొయ్యి మీద అది వేలాడుతుంది. కూతురికి పెట్టకుండా ఆవిడ ఎక్కడికీ కదలరు. యూరప్‌లోకి బయటి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లడానికి లేదు. ఎండుమిరప కారం సీసా సరే, మాంసం ముక్కలు కలిసిన కారం వద్దు. సీలు తీయని సీసా, పెద్ద సూట్‌కేసులో.

ముందు చైనాలోనే ఒక డొమెస్టిక్ ఫ్లైట్ ఎక్కాల్సి ఉంటే పవర్ బ్యాంక్ చూసుకోండి. 2025 జూన్ 28 నుంచి 3సీ గుర్తు (చైనా భద్రతా ధ్రువీకరణ గుర్తు) స్పష్టంగా లేనివాటిని అక్కడి విమానాల్లోకి రానివ్వడం లేదు.

8. దిగే ముందు మూడు రోజులు

వీసా అక్కర్లేకపోయినా ఇప్పుడు చాలా దేశాలకు ఒక ఆన్‌లైన్ అరైవల్ కార్డుంది. సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్, మూడింటికీ ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు నింపాలి. ఇవన్నీ ఉచితం. డబ్బు అడిగే సైట్ కనిపించిందంటే అది నకిలీదే, వెంటనే మూసేయండి.

ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకు ఒక చీటీ రాసివ్వండి. ఎన్ని రోజులు, ఏ హోటల్, తోడు ఎవరు, మీ ఫోన్ నంబర్, ఒక పక్క చైనీస్, ఒక పక్క ఇంగ్లీషు. ఆపదలో చైనా విదేశాంగ శాఖ లైన్ 12308 ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, బయటి దేశం నుంచైతే ముందు ప్లస్ 86, 10 కలపాలి. ఆ నంబరూ చీటీలో రాయండి.

9. మనింటికి తీసుకురావాలంటే

2020లో ఆగిపోయిన టూరిస్ట్ వీసాలు చైనావాళ్లకు మళ్లీ 2025 జూలై 24న మొదలయ్యాయి. ఆన్‌లైన్లో ఫారం నింపి, ప్రింట్ తీసి, అపాయింట్‌మెంట్ తీసుకుని, బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌలలోని వీసా సెంటర్‌లో పాస్‌పోర్టుతో సహా స్వయంగా ఇవ్వాలి. మావాళ్లు పొద్దున్నే బుల్లెట్ రైలెక్కి గ్వాంగ్‌జౌ వెళ్లొచ్చారు.

ఫారం మీరే నింపండి, అందులో ప్రశ్నలు చైనావాళ్లకు అర్థం కావు. ఒంటి మీద గుర్తులు రాయమంటుంది. మనకు టెన్త్ సర్టిఫికెట్‌లో పుట్టుమచ్చలు రాసిన అలవాటుంది, అత్తగారికి లేదు. 'నా పుట్టుమచ్చలతో మీ ప్రభుత్వానికేం పని?' అని నన్ను నిలదీశారు. మతం అడుగుతుంది, మామగారికి మతమేదీ లేకపోతే 'ఇతర' అని పెట్టాను. తల్లిదండ్రుల పేర్లు, వెళ్లిన దేశాలు, భారత్‌లో తెలిసినవాళ్ల పేరు, చిరునామా, ఫోన్ అన్నీ కావాలి. అక్కడ మీ నాన్నగారి పేరు రాసి, ఆ పేరుతోనే ఆహ్వాన లేఖ జతచేయండి. ఇంటి నంబరు దగ్గర్నుంచి రెండింట్లోనూ ఒకేలా ఉండాలి. ఫొటో తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో రెండంగుళాల చదరం.

డైరెక్ట్ విమానాలు 2025 అక్టోబర్ 26న కోల్‌కతా, గ్వాంగ్‌జౌ మధ్య తిరిగి మొదలయ్యాయి, తర్వాత ఢిల్లీకి కూడా. హైదరాబాద్ రావాలంటే నేనైతే బ్యాంకాక్ మీదుగానో కౌలాలంపూర్ మీదుగానో తెస్తాను. రెండుచోట్లా వాళ్లకు వీసా గొడవ లేదు, ఫ్లైట్ తప్పినా బయటికెళ్లి హోటల్లో పడుకోవచ్చు.

భారత్‌కు కూడా 2025 అక్టోబర్ 1 నుంచి విదేశీయులకు ఈ-అరైవల్ కార్డు వచ్చింది, దిగడానికి 72 గంటల లోపు నింపాలి.

ఇల్లు చేరాక ఒక పని మిగిలింది, మనవాళ్లు సాధారణంగా మర్చిపోయేది ఇదే. విదేశీయులు హోటల్లో దిగితే వాళ్లు వచ్చారని ప్రభుత్వానికి తెలిపే ఫారం (ఫారం సి అని పిలుస్తూ వచ్చింది) హోటల్‌వాళ్లే పంపుతారు. మీ ఇంట్లో దిగితే ఆ బాధ్యత ఇంటివాళ్లది, 24 గంటల్లోపు. విదేశీయుల నమోదు ఆఫీసు ఎఫ్ఆర్ఆర్ఓ వాళ్ల సైట్‌లో మీ ఇంటిని ముందే రిజిస్టర్ చేసి పెట్టుకోండి, ఆ రాత్రి కొత్తగా మొదలుపెడితే తెల్లారుతుంది. మావాళ్లు గుంటూరు చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. అమ్మ పెట్టిన పెరుగన్నం తిని ఇద్దరూ అటే నిద్రపోయారు. ఫారానికి పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ, వీసా పేజీ, అరైవల్ ముద్ర తేదీ కావాలి. ఎయిర్‌పోర్టు బయటికి రాగానే ఆ మూడింటినీ మీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, అర్ధరాత్రి అత్తగారి హ్యాండ్‌బ్యాగ్ వెతికే ధైర్యం మీకుంటే తప్ప.